డల్‌గా ఉన్నావేం?

జోలార్‌పేట నుంచి బెంగళూరు వెళ్లే రైలు దారి మూడు రాష్ట్రాల మీదుగా పోతుంది. తమిళనాడులో మొదలై, కుప్పం, గుడుపల్లెల దగ్గర కాసేపు ఆంధ్రా అనిపించుకుని, బిసానత్తం దాటాక బంగారుపేట వైపు కర్ణాటకలోకి జారుకుంటుంది. పొద్దున్నే కూలికీ, ఫ్యాక్టరీకీ, కాలేజీకీ బెంగళూరు బయల్దేరేవాళ్లతో ఆ బోగీలు కిక్కిరిసి ఉంటాయి. అక్కడ మూల సీట్లో మొహం వేలాడేసుకుని కూర్చున్న మనిషిని పక్కవాళ్లు మూడు భాషల్లో పలకరిస్తారు. 'ఏమప్పా, డల్లుగా ఉండావు?' 'ఏన్‌డా డల్లా ఇరుక్కె?' 'యాకో డల్లాగిద్దీయ?'

భాషలు మూడు, ప్రశ్న ఒకటే. ప్రశ్నలో కీలకమైన మాట మాత్రం ఈ మూడింటిలో దేనిదీ కాదు.

ఇంగ్లీషు మాటలు తెలుగులోకి రావడం గురించి ఏడవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. రైలు, స్టేషను, టికెట్టు వచ్చాయి, మనకేం నష్టం కాలేదు. వస్తువుతో పాటు పేరొస్తుంది. కానీ 'డల్' వస్తువు పేరు కాదు, మనసు స్థితి పేరు. ఇంగ్లీషువాళ్లు రాకముందు మనకు మనసు బాగోలేకపోవడం అన్నది లేదా? ఉంది కదా. దానికి మాటలూ బోలెడున్నాయి. మరి ఇంతమంది ఉన్న ఇంట్లోకి ఈ చుట్టం ఎందుకొచ్చాడు? వచ్చి ఎవరి మంచం మీద పడుకున్నాడు? మన కథల్లో ఇప్పుడు అతను చేస్తున్న పనేమిటి? ఈ మూడు ప్రశ్నలే ఇక్కడి విషయం.

తల ఇంగ్లీషుది, తోక మనది

ముందు తోక సంగతి. తెలుగులో 'డల్‌గా', తమిళంలో 'డల్లా', కన్నడంలో 'డల్లాగి'. ఈ 'గా', 'ఆ', 'ఆగి' మూడూ ఒకే చెట్టు కొమ్మలు. తెలుగు 'అగు', తమిళ 'ఆగు', కన్నడ 'ఆగు' అనే క్రియ నుంచి వచ్చినవే. 'అవ్వడం' అనే అర్థం వాటి అడుగున ఉంది. అంటే పైన ఒక ఇంగ్లీషు టోపీ పెట్టుకుని, కింద మూడు ద్రావిడ భాషలూ ఒకే పంచె కట్టుకున్నాయన్నమాట. ద్రావిడ భాషలన్నిటికీ కలిపి ఒక విశ్వవిద్యాలయం పెట్టాలనుకున్నప్పుడు 1997లో కుప్పాన్ని ఎంచుకోవడం ఊరికే జరగలేదు. అక్కడి టీకొట్టులో ఇలాంటి పాఠాలు ఫీజు లేకుండా దొరుకుతాయి.

ఇక తల సంగతి. అసలు ఇలాంటి చోట 'దిగులు' అనే మాట ఎందుకు సరిపోలేదు? ఎందుకంటే దిగులు మూడు భాషల్లోనూ ఉంది, మూడు చోట్లా వేరే పని చేస్తోంది. తెలుగులో ఇవాళ దిగులంటే మనసును కిందికి లాగే బాధ, చింత. కన్నడంలో 'దిగిలు' అంటే భయం. తమిళంలో 'తిగిల్' అంటే ఒళ్లు జలదరించే భయం, దయ్యాల సినిమాకు వాడేది ఆ మాటే. తెలుగువాడు 'నాకు దిగులుగా ఉంది' అంటే తమిళుడు 'ఏం చూశావు?' అని అడిగినా అడుగుతాడు. మన పాత తెలుగులోనూ దిగులుకు భయం అన్న అర్థం ఉంది. కాలం గడిచేకొద్దీ మన దగ్గర భయం ఇంకి, బాధ మిగిలింది.

ఇంతకుముందు ఇలాగే సరిహద్దులు దాటిన ఇంకో మాట ఉంది, 'బేజారు'. పారశీకం నుంచి వచ్చింది. విసిగిపోవడం, రోసిపోవడం దాని అసలు అర్థం. కన్నడంలో అది మనసు బాగోలేకపోవడమూ అయింది, బోరు కొట్టడమూ అయింది. మద్రాసు తమిళంలో 'పేజారు' అంటే తలనొప్పి వ్యవహారం. తెలుగులో 'బేజారెత్తిపోయాడు' అంటే బెంబేలెత్తి, వేగలేక చేతులెత్తేశాడని. మూడు భాషలూ దాన్ని మూడు రకాలుగా పెంచుకున్నాయి. పెంచుకున్నాక అదీ దిగులులాగే ఇంటి మాట అయిపోయింది. పొరుగువాడితో మాట్లాడేటప్పుడు పనికి రాకుండా పోయింది.

'డల్' ఇంకా ఎవరి ఇంటి మాటా కాలేదు. అందుకే మూడు భాషల్లోనూ ఒకే అర్థంతో ఉంది. అది ఊరి మధ్య ఖాళీ స్థలం లాంటిది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. బెంగళూరు, హైదరాబాదు, చెన్నై ఆఫీసుల్లో అది అంత సుఖంగా బతకడానికి ఇదొక కారణం. గుడుపల్లె రైల్లో ఉన్న అవసరమే ఐటీ కంపెనీ క్యాంటీన్లోనూ ఉంది.

మొద్దు నుంచి మనసు దాకా

ఇంగ్లీషులో ఈ మాట పుట్టుక అంత గౌరవమైనదేం కాదు. పాత ఇంగ్లీషులో 'డొల్' అంటే తెలివితక్కువ, మొద్దు. దీనికి దాయాదులు జర్మన్‌లో, డచ్‌లో ఉన్నారు. డచ్ 'డొల్' అంటే పిచ్చి. జర్మన్ 'టోల్' అంటే కూడా మొదట పిచ్చే, కుక్క కాటు రోగం పేరులో ఆ పాత అర్థం ఇంకా ఉంది. కానీ ఇవాళ జర్మన్ కుర్రాడు 'టోల్' అన్నాడంటే 'అదుర్స్' అని. ఒకే తల్లి బిడ్డల్లో ఒకడు 'అద్భుతం' అయ్యాడు, ఇంకొకడు 'చప్పన' అయ్యాడు. మాటల జాతకాలు చెప్పడం కష్టం.

తెలివికి మొద్దు అన్న అర్థం నుంచి ఇంగ్లీషులో అది మెల్లగా కొమ్మలేసింది. మొక్కపోయిన కత్తి డల్. మసకబారిన రంగు డల్. సూదిలా పొడవకుండా లోపల్లోపల సలిపే నొప్పి డల్. మబ్బు పట్టిన రోజు డల్. అమ్మకాల్లేని బజారు డల్. అన్నిటిలో ఉన్నది ఒకటే, ఉండాల్సిన పదును లేకపోవడం. షేక్‌స్పియర్ ఒక నాటకంలో మందబుద్ధి కానిస్టేబుల్‌కు ఏకంగా 'డల్' అనే పేరే పెట్టాడు. 18వ శతాబ్దంలో అలెగ్జాండర్ పోప్ చెత్త రచయితలను ఉతికి ఆరేస్తూ కావ్యం రాసినప్పుడు వాళ్లందరి దేవతకు 'డల్‌నెస్' అని పేరు పెట్టాడు. అక్కడా అర్థం మొద్దుతనమే.

1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఈ మాటకు వరసగా అర్థాలు ఇస్తూ, మొద్దు, మొండి, మసక లాంటివాటి మధ్య 'విషాదం' కూడా చేర్చాడు. ఉల్లాసం కలిగించనిది అన్న అర్థానికి ఉదాహరణగా నిఘంటువులు తయారుచేసే తన పనినే చూపించి తనమీద తనే జోకేసుకున్నాడు. అంటే 18వ శతాబ్దపు ఇంగ్లీషులో డల్‌కు మనసు బాగోలేదన్న అర్థం మామూలుగానే ఉండేది. ఆ తర్వాత అక్కడ అది పలచబడింది. ఇవాళ లండన్‌లోనో డాలస్‌లోనో ఒక మనిషిని డల్ అంటే, అతను చాలా బోరు అని. మన కుర్రాళ్లు అమెరికా వెళ్లిన కొత్తలో తోటి ఉద్యోగిని ప్రేమగా 'ఏంటి ఇవాళ డల్‌గా కనిపిస్తున్నావు' అని ఇంగ్లీషులోకి మార్చి అడిగితే, అవతలి మొహం నిజంగానే డల్ అయిపోయేది ఇందుకే. అడిగినవాడు జాన్సన్ కాలం ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. విన్నవాడు ఇప్పటి ఇంగ్లీషు వింటున్నాడు.

మనసుకు పేర్లు పెట్టడానికి భాషలు ఎక్కడెక్కడికో పోతాయి. ఇంగ్లీషు 'మెలంకలీ' గ్రీకువాళ్ల నల్ల పిత్తం నుంచి వచ్చింది, మన 'పైత్యం' కూడా ఆ పిత్తం బాపతే. అక్కడ శనిగ్రహం పేరుతో ముభావమైన మనిషికి విశేషణం ఉంది, ఇక్కడ 'శని పట్టినట్టు కూర్చున్నాడు' అంటాం. 'డల్' మాత్రం ఒంట్లోంచీ రాలేదు, ఆకాశంలోంచీ రాలేదు. తెలివి కొలిచే బల్ల మీద నుంచి వచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, చివర్లో దీనితో పనుంది.

మనం ఏం తీసుకున్నాం, ఏం వదిలేశాం

తెలుగువాళ్లు ఈ మాటను గంపగుత్తగా కొనలేదు. ఏరి కొన్నారు. మొక్కపోయిన కత్తిని మనం డల్ అనం. కొడవలికి కక్కు పెట్టించాలంటాం, కత్తికి పదును పోయిందంటాం. ఆ పనిముట్లు మనవి, వాటి మాటలు మన దగ్గరే ఉన్నాయి. ఇంగ్లీషులో ఇవాళ ప్రధానమైన 'బోరు' అన్న అర్థాన్నీ మనం దీనికి ఇవ్వలేదు. అందుకు 'బోరు కొట్టడం' విడిగా తెచ్చుకున్నాం. (మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు బోరంటే ముందు గుర్తొచ్చేది నీళ్లు పడని బోరు. అది విసుగు కాదు, అప్పు.)

మనం తీసుకున్నవి నాలుగు. ఒకటి, వెలుతురు: 'లైటు డల్‌గా ఉంది.' రెండు, బజారు: 'మార్కెట్ డల్.' మదనపల్లె టమాటా మార్కెట్లో ఈ మాట వినిపించిందంటే ఎవరి ఇంట్లోనో ఆ రోజు పొయ్యి కూడా డల్‌గానే మండుతుంది. మూడు, చదువు: 'వాడు లెక్కల్లో డల్.' నాలుగు, మనసు: 'ఏంటి డల్‌గా ఉన్నావు?'

ఈ నాలుగింటినీ ఒక వరసలో పెడితే ఒకటి కనిపిస్తుంది. లైటు, బజారు, చదువు, ఈ మూడూ బయటినుంచి కొలిచేవి. వోల్టేజీ ఉంది, ధర ఉంది, మార్కులున్నాయి. నాలుగోదాన్నీ మనం అదే పద్ధతిలో చూస్తున్నాం, మనిషికి కూడా ఒక వోల్టేజీ ఉన్నట్టు. నిన్న ఎక్కువ వెలిగాడు, ఇవాళ తక్కువ వెలుగుతున్నాడు. ఎందుకన్నది ఆ మాటలో లేదు.

నాకు దిగులు, నువ్వు డల్

తెలుగు వ్యాకరణంలో ఒక మంచి గుణం ఉంది. మనసుకు సంబంధించినవాటిని మనం చేసే పనులుగా కాక, మన దగ్గరికి వచ్చేవాటిగా చెబుతుంది. నాకు కోపం వచ్చింది. నాకు భయమేసింది. నాకు దిగులుగా ఉంది. తమిళంలో 'ఎనక్కు', కన్నడంలో 'ననగె', అక్కడా ఇదే పద్ధతి. 'నేను' కర్త కుర్చీ దిగి 'నాకు' అయిపోతాను. బాధ చుట్టంలా వస్తుంది, ఉంటుంది, పోతుంది. అది వేరు, నేను వేరు. ఇందులో ఒక ఓదార్పు దాగి ఉంది.

'డల్' ఎక్కువగా ఈ పద్ధతిలోకి రాదు. 'నాకు డల్‌గా ఉంది' అని అప్పుడప్పుడూ అంటాం, నిజమే. కానీ దాని సొంత చోటు 'నువ్వు డల్‌గా ఉన్నావు', 'ఆమె డల్‌గా కనిపించింది', 'వాడు డల్ అయిపోయాడు'. ఇక్కడ చుట్టం లేడు, ఇల్లే మసకబారింది. పైగా మాట్లాడుతున్నది అనుభవిస్తున్నవాడు కాదు, చూస్తున్నవాడు. దిగులు లోపలి మాట, డల్ బయటి మాట.

ఇంకో తేడా. మన మాటలు చాలావాటికి ఒక కొక్కెం ఉంటుంది, అది దేన్నో పట్టుకుని ఉంటుంది. బెంగ ఊరికే ఉండదు, అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ. హాస్టల్లో చేరిన పిల్ల బెంగ పెట్టుకుందంటే ఎవరి మీదో అడగక్కర్లేదు, మందేమిటో అందరికీ తెలుసు. గుబులు రాబోయేదాని గురించి. అలక ఒక మనిషి మీద, ఆ మనిషి వచ్చి బతిమాలాలి. చిన్నబోవడం ఎవరో ఒక మాట అన్నాక జరిగేది. ఉసూరుమనడం ఆశ పెట్టుకున్నాక. ముభావంగా ఉండటం ఒకరి ఎదురుగా. ఈ మాటల్లో ఏది వాడినా సగం కథ చెప్పినట్టే, ఎవరో, ఎప్పుడో, ఏం జరిగిందో అందులో ఉంటాయి. డల్‌కు కొక్కెం లేదు. అది దేన్నీ పట్టుకోదు.

అందుకే జనానికి నచ్చిందని కూడా ఒప్పుకోవాలి. 'ఏమైందిరా?' అంటే కారణం చెప్పాలి. 'డల్‌గా ఉన్నావేం?' అంటే 'ఏం లేదు, నిద్ర లేదంతే' అని తప్పించుకోవచ్చు. అడిగినవాడి మర్యాదా దక్కుతుంది, చెప్పనివాడి గుట్టూ దక్కుతుంది. మగపిల్లలకు మరీనూ. 'నాకు బెంగగా ఉందన్నా' అని ఇరవై రెండేళ్ల కుర్రాడు రూమ్మేటుతో అనగలడా? 'కొంచెం డల్‌గా ఉందన్నా' అనగలడు. తలుపు పూర్తిగా తెరవకపోయినా గడియ తీశాడు. ఆ మాట లేకపోతే ఆ గడియ కూడా తీసేవాడు కాదేమో. 'డల్'ను తిట్టేముందు దానికి ఈ మార్కులు వెయ్యాలి.

ముప్ఫై మూడింటిలో ఏడు

మన అలంకారశాస్త్రం తెలిసినవాళ్లు దీన్ని ఇంకో వైపు నుంచి చూడొచ్చు. భరతుడు నాట్యశాస్త్రంలో ముప్ఫై మూడు సంచారీ భావాలు లెక్కగట్టాడు. స్థాయీ భావం సముద్రమైతే ఇవి వచ్చిపోయే అలలు. వాటిలో నిర్వేదం, గ్లాని, ఆలస్యం, దైన్యం, చింత, జడత, విషాదం, ఈ ఏడింటినీ ఇవాళ మనం ఏమాత్రం సంకోచం లేకుండా 'డల్' అనేస్తాం.

కానీ నటుడికి ఈ ఏడూ ఏడు పనులు. గ్లాని ఒంట్లో శక్తి ఉడిగిపోయినవాడిది, అడుగు పడదు, గొంతు పెగలదు. చింత ఆలోచనలో మునిగినవాడిది, చూపు ఎక్కడో నిలబడిపోతుంది. జడతలో మనిషి ఏం చెయ్యాలో తోచక రాయిలా అయిపోతాడు. దైన్యంలో తన లేమి తనకు తెలిసి కుంచించుకుపోతాడు. నిర్వేదంలో అన్నీ వ్యర్థమని తేలిపోయి ఒక రకమైన తేలికతనం కూడా ఉంటుంది. ఒకే మొహంతో ఏడూ అభినయించే నటుణ్ణి మనం ఏమంటాం? డల్ నటుడు అంటాం, అదీ అసలు ఇంగ్లీషు అర్థంలోనే!

ఆ జాబితాలోనే 'అవహిత్థ' అనే ఇంకో భావం ఉంది. లోపలి భావాన్ని పైకి కనపడకుండా దాచుకోవడం. 'ఏం లేదు, ఊరికే డల్‌గా ఉందంతే' అన్న జవాబు అచ్చంగా అదే. అంటే 'డల్' ఒక్కోసారి భావం పేరు కాదు, భావం మీద కప్పిన గుడ్డ పేరు. రచయితకు ఈ తేడా తెలిసి తీరాలి.

కథలో డల్

ఇక్కడికే రావాలనుకున్నాను. ఈ మధ్య చదివే తెలుగు కథల్లో, ముఖ్యంగా నగరం నేపథ్యంగా వస్తున్నవాటిలో, ఒక రకం వాక్యం మాటిమాటికీ ఎదురవుతోంది. నమూనాకు నేనే ఒకటి కల్పిస్తాను: 'ఆ రోజంతా సురేష్ డల్‌గా ఉన్నాడు.' దీంట్లో తప్పేముంది? మనం అలాగే కదా మాట్లాడతాం?

మాట్లాడతాం. అందుకే సురేష్ స్నేహితుడు ఆ మాట అంటే అది సత్యం. కథకుడు అంటే అది దాటవేత. స్నేహితుడు బయటినుంచి చూస్తున్నాడు, అతనికి అంతకంటే కనిపించదు. కథకుడు లోపలికి వెళ్లే తాళంచెవి చేతిలో పెట్టుకుని కూడా గుమ్మంలోనే నిలబడి 'లోపల లైటు డల్‌గా ఉన్నట్టుంది' అంటున్నాడు. మనం పాఠకులం అక్కడిదాకా వెళ్లింది ఆ తలుపు తీస్తాడనే కదా.

అదే వాక్యాన్ని మార్చి చూడండి. 'ఆ రోజంతా సురేష్ ఎవరితోనూ ముక్తసరి మాటలు తప్ప మాట్లాడలేదు': ఇక్కడ ఎవరి మీదో ఏదో ఉంది. 'సురేష్‌కు అన్నం సయించలేదు': ఇక్కడ గుబులు కడుపులో కూర్చుంది. 'వాళ్ల నాన్న ఫోన్ పెట్టేశాక సురేష్ చిన్నబోయాడు': కథ మొదలైపోయింది. మూడు వాక్యాలూ మూడు వేర్వేరు సురేష్‌లు. 'డల్‌గా ఉన్నాడు' అన్న సురేష్ ఎవరైనా కావచ్చు కాబట్టి ఎవరూ కాడు.

దీనికి ఒక చరిత్ర ఉందని నా అనుమానం. గురజాడ 'కన్యాశుల్కం'లో గిరీశం నోటి నిండా ఇంగ్లీషే. అక్కడ ఇంగ్లీషు ఒక వేషం, ప్రేక్షకుడు ఆ వేషాన్ని చూసి నవ్వాలి. ఇంగ్లీషు మాట పాత్రను బయటపెట్టేది. ఆ తర్వాత 1920లలో భావకవిత్వం వచ్చింది. కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' తర్వాత వేదన ఒక ఆస్తి అయింది. దిగులుకు గిరజాల జుట్టు, ఉత్తరీయం వచ్చాయి. దాన్ని తర్వాతి తరం ఎంత వెక్కిరించిందంటే, తన బాధ తను చెప్పుకోవడమే తెలుగు రచయితకు నామోషీ అయిపోయింది. మహాప్రస్థానానికి రాసిన ముందుమాటలో చలం ఈ ఇద్దరు కవుల బాధల మధ్య గీసిన గీత అందరికీ కంఠతా వచ్చు. ఆ గీతలోని చమత్కారం మిగిలింది కానీ, దాని పర్యవసానం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సొంత బాధ అంటే ఏదో తక్కువ రకం సరుకన్న భావం మనలో పాతుకుపోయింది. 'విషాదం' అంటే నాటకీయం, 'వేదన' అంటే పాత సినిమా పాట, 'దిగులు' అంటే భావకవి. మిగిలిందేమిటి? సిగ్గుపడక్కర్లేని, తక్కువ వోల్టేజీ మాట ఒకటి కావాలి. 'డల్' ఆ ఖాళీలో వచ్చి కూర్చుంది.

ఇదే సమయంలో చిత్తూరు జిల్లా మాండలికంలో రాసినవాళ్లకు ఈ ఇబ్బంది రాలేదు. నామిని సుబ్రమణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కథలు' చదివినవాళ్లకు తెలుసు. అక్కడ మనుషుల మనసు స్థితికి పేరు పెట్టడం తక్కువ, ఆ స్థితిలో వాళ్లు ఏమన్నారు, ఏం తిట్టారు, ఏం తిన్నారు అన్నదే ఎక్కువ. అమ్మ నోట్లోంచి వచ్చే తిట్టులోనే ఆమె అలుపూ, ఆకలీ, ప్రేమా కలిసి ఉంటాయి. విశేషణం అక్కర్లేదు. నగరం కథకు అలాంటి అమ్మ భాష లేదనే సాకు చెల్లదు. రెండు గంటలు సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడికి కూడా తిట్లుంటాయి, ఆకలుంటుంది, చూసీ చూడనట్టు వదిలేసిన మెసేజీ ఉంటుంది.

కథనంలో డల్ అసలు రాకూడదని కాదు. ఉత్తమ పురుషలో చెప్పే కథకుడు తన బాధను తనకే దాచుకుంటుంటే, 'కొంచెం డల్‌గా ఉంది' అని పదేపదే అంటుంటే, ఆ అవహిత్థ పాఠకుడికి తెలిసేలా రాస్తే, అంతకంటే మంచి వాడకం లేదు. ఆ మాట ఎంత చిన్నదో దాని కింద ఉన్నది అంత పెద్దదని మనకు తట్టాలి. కానీ అప్పుడు రచయితకు ఆ కిందున్నది తెలిసుండాలి.

'మరి లో అంటున్నాం, డౌన్ అంటున్నాం, డిప్రెషన్ అంటున్నాం కదా, అవి మంచివా?' అని అడగొచ్చు. 'డిప్రెషన్' వైద్యుల మాట, దాని పని దానికుంది, 'కుంగుబాటు' అని తెలుగులో చక్కగా అంటున్నారు కూడా. ఇంటర్‌నెట్ రెండు గంటలు లేకపోయినా డిప్రెషన్ అనేస్తే నిజంగా కుంగిపోతున్నవాడి మాట ఎవరికీ వినిపించదు. బంగాళాఖాతంలో ఏర్పడేదాన్ని మనం అల్పపీడనం, వాయుగుండం, తుపాను అని జాగ్రత్తగా విడదీసి చెప్పుకుంటాం, ఎందుకంటే ఏది ఎంత ముంచుతుందో తెలియాలి. మనసు వాతావరణానికి మాత్రం ఒక మాట చాలనుకుంటున్నాం.

ఒకే మాట, రెండు నేరాలు

డల్ తెలివిని కొలిచే బల్ల మీద నుంచి వచ్చిందని ముందు చెప్పాను కదా. ఆ పాత వాసన పోలేదు. అది ఎక్కువగా తెలిసేది బడిలో.

'మీవాడు ఈ మధ్య క్లాసులో డల్‌గా ఉంటున్నాడండీ' అని టీచరు చెబితే ఆ వాక్యానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి, పిల్లవాడు చదువులో వెనకబడ్డాడు. రెండు, పిల్లవాడికి మనసు బాగోలేదు. టీచరు ఉద్దేశం రెండోది అయినా, తండ్రికి వినబడేది మొదటిదే. ఇంటికెళ్లాక ట్యూషన్ పెట్టిస్తాడు. వాడికి కావాల్సింది బహుశా ఎవరైనా పక్కన కూర్చుని 'ఏమైంది నాయనా?' అని అడగడం. ఒక మాట ఏడు భావాల్ని మింగడం కవిత్వానికి నష్టం. ఒక మాట బాధనూ మందబుద్ధినీ ఒకటిగా చూపించడం పిల్లవాడికి నష్టం. బాధపడుతున్నవాడిలో ఏదో లోపముందన్న అపవాదు ఆ మాట పుట్టుకలోనే ఉంది. మనం తెలియకుండా దాన్ని కూడా దిగుమతి చేసుకున్నాం. ఆ టీచరు 'దిగులుగా ఉంటున్నాడు' అని ఉంటే, ఆ తండ్రి అడిగే మొదటి ప్రశ్నే మారిపోయేది.

ఊళ్ల విషయంలోనూ ఇంతే. గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులున్నాయి. కోలార్ గనులతో పాటే అవీ 2001లో మూతపడ్డాయి. గని మూతపడ్డాక 'బిజినెస్ అంతా డల్' అంటే అది తప్పు కాదు, లెక్కల పుస్తకం భాష అది. కానీ షిఫ్టు సైరను మోగని పొద్దుటికి, పని తెలిసిన చేతులు ఊరికే ఉండాల్సి రావడానికి, పిల్లలు బెంగళూరు రైలెక్కడానికి విడివిడిగా మాటలుండాలి. ఒకదాంట్లో వెలితి ఉంది, ఒకదాంట్లో దైన్యం ఉంది, ఒకదాంట్లో బెంగ ఉంది. ఈ మూడింటికీ మార్కెట్ రిపోర్టులోని విశేషణాన్నే అతికిస్తే, బజారు మళ్లీ పుంజుకున్నట్టు ఇదీ దానంతటదే పుంజుకుంటుందనే అర్థం దొంగతనంగా దూరుతుంది. బజారు డల్‌నెస్‌కు రేపు ఉంటుంది. బెంగకు కావాల్సింది రేపు కాదు, మనిషి.

రైల్లో, ఆఫీసులో, ముగ్గురు మూడు భాషలవాళ్లు కూర్చున్న చోట 'డల్' ఉండనివ్వండి. పరాయివాణ్ణి పలకరించడానికి అంత మర్యాదైన మాట ఇంకోటి మన దగ్గర లేదు. కానీ అది పలకరింపు మాత్రమే. 'డల్‌గా ఉన్నావేం?' అని అడిగాక రెండో ప్రశ్న ఒకటుంటుంది. ఆ రెండో ప్రశ్నకు దిగులు, బెంగ, గుబులు, చిన్నబోవడం, ఉసూరుమనడం, ఇవన్నీ కావాలి. స్నేహితుడు ఒక్కోసారి ఆ రెండో ప్రశ్న అడగకుండా ఊరుకోవచ్చు, అది మర్యాద. కథ రాసేవాడికి ఆ మర్యాద వర్తించదు.